వెలుగుతున్న పొయ్యిలు లెక్కపెట్టండి

సంపాదకులకు,

అయ్యా,

సిలిండర్ ధర మాట వచ్చినప్పుడల్లా గోబర్ గ్యాస్ ముచ్చట మళ్లీ లేస్తుంది. ఇప్పుడు దానికి పట్టణాల చెత్త కూడా తోడైంది. కూరగాయల మార్కెట్లు, ఫంక్షన్ హాళ్లు, హాస్టళ్ల వ్యర్థంతో గ్యాస్ తీయాలంటున్నారు. మంచిదే. కానీ ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో చాలా ఊళ్లల్లో కొట్టం పక్కన పిచ్చిచెట్లు మొలిచిన డోమో, తుప్పుపట్టి ఒరిగిన ఇనుప డ్రమ్మో కనబడుతూనే ఉంటుంది. 1981-82లో జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకం మొదలైనప్పటి నుంచి పథకాల పేర్లు మారుతూ వచ్చాయి, 2018లో గోబర్ధన్ వచ్చింది. ఎన్ని ప్లాంట్లు కట్టారన్న లెక్క గట్టిగా వినబడుతుంది, ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయన్న లెక్క వినబడదు. కట్టిన ప్లాంటు ఎందుకు ఆగిపోతుందో వివరంగా రాస్తే రైతులకూ అధికారులకూ పనికొస్తుందని ఈ ఉత్తరం.

గాలి తగలని తొట్టిలో పెండ, అన్నం, కూరగాయల తొక్కలు మురిగితే గ్యాస్ వస్తుందని అందరికీ తెలుసు. ఆ పని ఒక్క రకం సూక్ష్మజీవి చేసేది కాదన్న సంగతే చాలామందికి తెలియదు. మొదటి జట్టు పిండిని, పీచును, మాంసకృత్తులను, కొవ్వును నీళ్లలో కరిగే ముక్కలుగా విడగొడుతుంది. రెండో జట్టు వాటిని పులియబెట్టి ఆమ్లాలు చేస్తుంది. మూడో జట్టు ఆ ఆమ్లాలను ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. నాలుగో జట్టు వీటిని తిని మీథేన్ వదులుతుంది. చివరికి వచ్చే గ్యాస్‌లో మీథేన్ 55 నుంచి 65 శాతం, మిగతాదంతా దాదాపు కార్బన్ డయాక్సైడే. కొంచెం నీటి ఆవిరి, కొంచెం హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటాయి.

చిక్కంతా జట్ల వేగంలో ఉంది. ఆమ్లం చేసేవి కొన్ని గంటల్లోనే రెట్టింపవుతాయి. మీథేన్ చేసేవి రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. పైగా వాటికి పీహెచ్ (పులుపు కొలత, పులుపు పెరిగితే ఇది తగ్గుతుంది) 6.8 నుంచి 7.5 మధ్యనే ఉండాలి, వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటే ఇంకా మంచిది, గాలి అసలు తగలకూడదు. ఈ నాలుగో జట్టు ఆవు, ఎద్దు, బర్రె కడుపులో ఎప్పుడూ ఉంటుంది, అందుకే కొత్త ప్లాంటును పెండతోనే మొదలుపెడతాం. ప్లాంటును కూడా ఎద్దు కడుపు అనుకొనే మేపాలి. వేళకు, ఒక్క తీరుగా, అరిగేంతే.

ఇక లెక్కలు. తాజా పెండ కిలోకు సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. అంటే ఒక ఘనపు మీటరుకు 25 కిలోలు కావాలి. ఐదారుగురున్న ఇంటికి రెండు పూటల వంటకు 2 ఘనపు మీటర్ల ప్లాంటు, అంటే రోజుకు అంత గ్యాస్ ఇచ్చేది, సరిపోతుంది. దానికి రోజూ 50 కిలోల పెండ, 50 లీటర్ల నీళ్లు పోయాలి. కట్టేసి మేపే పశువు రోజుకు 10 కిలోలకు పైగా పెండ ఇస్తుంది, పెద్ద బర్రె ఇంకా ఎక్కువ. మేతకు బయటికి పోయి వచ్చేదానితో అయితే సగం పెండ చెలకలోనే పడిపోతుంది. కాబట్టి ఈ సైజుకు నాలుగైదు పశువులు ఉండాలి. ఇదంతా సక్రమంగా జరిగితే ఘనపు మీటరు గ్యాస్ 0.43 కిలోల ఎల్పీజీకి సమానం గనక నెలకు రెండు సిలిండర్లకు కొంచెం తక్కువ మిగులుతుంది.

మొదటి తప్పు సైజు దగ్గరే జరుగుతుంది. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు వచ్చాక ఎడ్ల జతలు పోయాయి. ఇంట్లో రెండు బర్రెలే ఉన్నా 2 ఘనపు మీటర్ల ప్లాంటే కడుతున్నారు. వచ్చే పాతిక ముప్పై కిలోల పెండతో సగం గ్యాసే వస్తుంది. గ్యాస్ తక్కువొస్తోందని దొరికిందల్లా లోపల వేయడం మొదలుపెడతారు, అక్కడి నుంచి ప్లాంటు చెడిపోతుంది. రెండు బర్రెలకు 1 ఘనపు మీటరు ప్లాంటే సరైనది. పశువులు పెరిగినప్పుడు చూసుకోవచ్చు.

కుటుంబ ప్లాంట్లలో మన దగ్గర ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. తేలే ఇనుప డ్రమ్ము ఉండే ఖాదీ కమిషన్ రకం ఒకటి, ఆఫ్‌ప్రో సంస్థ 1984లో తెచ్చిన దీనబంధు రకం ఒకటి. దీనబంధులో కదిలే భాగమే లేదు. ఇటుకతో కట్టిన డోము కింద గ్యాస్ చేరేకొద్దీ స్లర్రీని, అంటే లోపలి పెండనీళ్లను, బయటి తొట్టిలోకి నెడుతుంది. పొయ్యి తిప్పగానే ఆ స్లర్రీ వెనక్కి వచ్చి గ్యాస్‌ను పైపులోకి తోస్తుంది. అందుకే బయటి తొట్టి లోతు, దాని అలుగు మట్టం డిజైన్‌లో ఉన్నట్టే ఉండాలి. మేస్త్రీ అలుగును నాలుగు అంగుళాలు కిందికి పెడితే ఒత్తిడి రాదు, గ్యాస్ కూడా నిల్వ ఉండదు. పైకి పెడితే డోములో స్లర్రీ మట్టం లేచి గ్యాస్ పైపులోకే ఎక్కుతుంది.

డోము లీకు గురించి ఎంత చెప్పినా తక్కువే. నీళ్లు నిలిచే గోడకు, గ్యాస్ నిలిచే గోడకు చాలా తేడా ఉంది. నీటిచుక్క కారని సందులోంచి గ్యాస్ హాయిగా పోతుంది. ఇటుకలను నానబెట్టి కట్టాలి, లోపల ఒకటికి మూడు పాళ్ల సిమెంటు గిలాబు పొరలు పొరలుగా వేయాలి, గ్యాస్ నిలిచే భాగానికి ఆ పైన ఎపాక్సీ గానీ నల్ల ఎనామిల్ గానీ రెండు పూతలు వేయాలి. గిలాబును కనీసం వారం రోజులు తడపాలి. ఎండాకాలంలో మన దగ్గర 42, 43 డిగ్రీలుంటుంది, సరిగ్గా తడపని గిలాబు వెంట్రుకవాసి పగుళ్లు వదులుతుంది. పెండ పోసేముందు తొట్టిని నీళ్లతో నింపి గ్యాస్ పైపుకు తెల్ల ప్లాస్టిక్ గొట్టాన్ని యు ఆకారంలో తగిలించి నీళ్ల మట్టాల తేడా చూడాలి. ఒక రోజు వదిలేస్తే కొద్దిగా దిగడం మామూలే, గిలాబు నీళ్లు పీల్చుకుంటుంది. జానెడు దిగితే మాత్రం లీకు. ఆ పరీక్ష చేయకుండా బిల్లు మీద సంతకం పెట్టకూడదు. కుటుంబ ప్లాంట్ల నిర్మాణానికి ఐఎస్ (భారతీయ ప్రమాణం) 9478 ఉంది, అది మేస్త్రీ చేతిలో ఉండాలి, ఆఫీసు అల్మారాలో కాదు.

మొదటిసారి నింపడానికి 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రెండు టన్నుల పైచిలుకు పెండ కావాలి, అన్నే నీళ్లు. నడుస్తున్న ప్లాంటు నుంచి పదో వంతు స్లర్రీ తెచ్చి కలిపితే త్వరగా అందుకుంటుంది. తర్వాత కొన్నాళ్లు కొత్త మేత వేయకుండా ఆగాలి. మొదట వచ్చే గ్యాస్ మండదు, అందులో గాలి, కార్బన్ డయాక్సైడే ఎక్కువ. దాన్ని బయటికి వదిలేయాలి. మండుతుందో లేదో చూద్దామని డోము మీది పైపు దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు. గాలి కలిసిన గ్యాస్ మంటను లోపలికి లాగుతుంది. పరీక్ష ఎప్పుడైనా పొయ్యి దగ్గరే చేయాలి.

పెండను నీళ్లతో కలిపేటప్పుడు చేతికి గడ్డలు తగలకూడదు. గడ్డి పోచలు, రాళ్లు, మట్టి తీసేయాలి. కచ్చా నేల కొట్టంలో పార పెట్టి గీకిన పెండలో మట్టి చాలా వస్తుంది. అది అడుగున పేరుకొని ఏళ్లు గడిచేసరికి తొట్టి సగం పూడిపోతుంది. కొట్టానికి బండలు పరిస్తే ఈ బాధ తప్పుతుంది. పోచలూ వెంట్రుకలూ పైకి తేలి అట్ట కడతాయి, గ్యాస్ ఆ అట్ట కింద ఇరుక్కుంటుంది. వారానికి రెండుసార్లు లోపలికి పోసే పైపులోంచి వెదురుగడతో పదిసార్లు కెలికితే చాలు. నీళ్లు తగ్గిస్తే స్లర్రీ చిక్కబడి గ్యాస్ పైకి రాదు. ఎక్కువ పోస్తే గట్టి భాగం విడిపోయి అడుక్కు పోతుంది, సగం అరిగిన పెండ ముందే బయటికి వచ్చేస్తుంది. మన వాతావరణానికి మేత లోపల 30 నుంచి 40 రోజులు నిలవాలి.

పాలమూరు చెలకల్లో ఎండాకాలం ఒక ప్లాంటుకు రోజూ 50 లీటర్ల నీళ్లు తెమ్మనడం తేలికైన మాట కాదు. సగం నీళ్లకు బదులు బయటికి వచ్చిన స్లర్రీ తేట వాడొచ్చు, పశువుల మూత్రం కొంత కలపొచ్చు, బియ్యం కడిగిన నీళ్లు పోయొచ్చు. తేటనే నెలల తరబడి తిప్పితే అమ్మోనియా, ఉప్పు పేరుకుంటాయి కాబట్టి మధ్యమధ్యలో మంచినీళ్లు తప్పవు. సబ్బు నీళ్లు, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడరు కలిసిన నీళ్లు మాత్రం చుక్క కూడా పోకూడదు. యాంటీబయాటిక్ సూదులు వేసిన పశువు పెండను కూడా కొన్ని రోజులు పక్కన పెంటకుప్పలో వేయడం మంచిది.

ప్లాంటు పులిసిపోవడం అన్నిటికన్నా ఎక్కువ చూసే జబ్బు. ఊళ్లో పెళ్లి అవుతుంది, మిగిలిన బగారన్నం రెండు గంగాళాలు తెచ్చి ఒకేసారి పోస్తారు. ఆమ్లం చేసే జట్లకు పండగ. మీథేన్ జట్టు ఆ ఆమ్లాన్ని తినలేక వెనకబడుతుంది, పీహెచ్ 6.5 కిందికి దిగుతుంది, దాంతో అది ఇంకా మందగిస్తుంది. మొదటి రోజు గ్యాస్ బాగా వచ్చినట్టే ఉంటుంది, కానీ పొయ్యి అంటుకోదు, ఎందుకంటే వచ్చింది కార్బన్ డయాక్సైడ్. మూడో రోజుకు స్లర్రీ బూడిదరంగుకు తిరిగి, నురగ తేలి, పుల్లటి కంపు కొడుతుంది. మంచి స్లర్రీ నల్లగా ఉంటుంది, వాసన తక్కువ, ఈగలు అంతగా వాలవు. పులిసినప్పుడు చేయాల్సిన మొదటి పని మేత ఆపడం. నాలుగైదు రోజులు ఏమీ వేయవద్దు. పక్క ఊరి ప్లాంటు నుంచి నల్ల స్లర్రీ నాలుగు బకెట్లు తెచ్చి పోయాలి. పీహెచ్ పేపరు ముంచి చూసుకుంటూ సున్నపు తేట కొంచెం కొంచెంగా పోయొచ్చు. బస్తా సున్నం కుమ్మరించేవాళ్లున్నారు, అది మరో తప్పు. సున్నం కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకొని డోములో ఒత్తిడి పడిపోయేలా చేస్తుంది, అడుగున గట్టి పొరగా పేరుకుంటుంది. వంటసోడా అయితే ఈ ఇబ్బంది లేదు, ఖర్చు కొంచెం ఎక్కువ. కోలుకున్నాక మేతను రోజూ మామూలులో పావు వంతుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచాలి.

మన ప్రాంతపు వ్యర్థాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నల్గొండ బత్తాయి తొక్కల్లో లిమోనిన్ అనే నూనె ఉంటుంది, అది మీథేన్ జట్టును చంపుతుంది. జ్యూస్ బండ్ల తొక్కలు ఎంత సులభంగా దొరికినా మేతలో కొద్ది పాలు మించకూడదు. షాద్‌నగర్, కల్వకుర్తి వైపు కోళ్ల ఫారాల పెంటలో నత్రజని మరీ ఎక్కువ. ఒక్కదాన్నే వేస్తే అమ్మోనియా పెరిగి గ్యాస్ ఆగిపోతుంది. కార్బన్, నత్రజని పాళ్లు 20 నుంచి 30కి ఒకటి ఉండాలి. పెండ దాదాపు అక్కడే ఉంటుంది, కోళ్ల పెంట 10కి అటూ ఇటూ, వరిగడ్డి 70 దగ్గర. కాబట్టి కోళ్ల పెంట ఒక పాలుకు పెండ మూడు నాలుగు పాళ్లు కలిపి వేయాలి. ఫారంలో పరిచిన ఊక మాత్రం తీసేయాల్సిందే. అది అరగదు, తేలి అట్ట కడుతుంది. కొల్లాపూర్ మామిడి టెంకలదీ అదే గతి, గుజ్జు వరకే పనికొస్తుంది. మిర్యాలగూడ బాయిల్డ్ రైస్ మిల్లుల నానబెట్టిన నీళ్లు ఇంటి ప్లాంట్లకు పనికిరావు, మిల్లు దగ్గరే ప్రత్యేక రియాక్టర్లలో శుద్ధి చేస్తూ గ్యాస్ తీసే పద్ధతి వేరే ఉంది.

చలికాలం రాత్రుళ్లు 15 డిగ్రీలకు దిగే డిసెంబరు, జనవరిలో గ్యాస్ తగ్గుతుంది. అది ప్లాంటు లోపం కాదు. పొద్దున్నే చల్లటి నీళ్లతో కలపకుండా, ఎండలో పెట్టిన నీళ్లతో మధ్యాహ్నం కలిపి పోస్తే తేడా తెలుస్తుంది. చెట్టు నీడలో ప్లాంటు కట్టకపోవడానికి వేడి ఒక కారణం, వేర్లు గోడను చీల్చడం రెండోది.

గ్యాస్ ఉంది, మంట లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పైపులో నీళ్లే. ఆవిరి చల్లబడి పల్లంలో నిలుస్తుంది, మంట ఎగిరెగిరి పడుతూ ఆరిపోతుంది. పైపును మీటరుకు ఒక సెంటీమీటరు వాలుతో వేసి, అన్నిటికన్నా పల్లమున్న చోట నీళ్లు వదిలే చిన్న ట్యాపు పెట్టాలి. వారానికొకసారి తిప్పాలి, వానాకాలం ఇంకా తరచుగా. సిలిండర్ పొయ్యినే తగిలిస్తే మండదు, దాని నాజిల్ రంధ్రం ఈ గ్యాస్‌కు చాలదు. ఐఎస్ 8749 ముద్ర ఉన్న బయోగ్యాస్ పొయ్యే కొనాలి. మంట పసుపుగా, పొగగా ఉంటే గాలి తక్కువ, బర్నర్ మీంచి ఎగిరిపోతుంటే గాలి ఎక్కువ. నాజిల్ దగ్గరి గాలి మూతను తిప్పి సరిచేసుకోవాలి.

ఇక పట్టణాల సంగతి. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థలను 2016 ఘన వ్యర్థాల నిబంధనలు పెద్ద ఉత్పత్తిదారులుగా లెక్కేసి, తడిచెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే కంపోస్టుగానో గ్యాస్‌గానో మార్చమన్నాయి. ఈ ప్లాంట్ల అంచనాల్లో జరిగే పెద్ద మోసం, తెలిసీ తెలియక, ఒక్క అంకెతో అన్ని రకాల చెత్తనూ లెక్కగట్టడం. హోటల్ అన్నం, కూర వ్యర్థం టన్నుకు 100 ఘనపు మీటర్ల దాకా గ్యాస్ ఇస్తుంది. కూరగాయల మార్కెట్ చెత్తలో తొంభై శాతం నీళ్లే. టన్నులో ఉండే 100 కిలోల గట్టి పదార్థంలో మురిగేది 85 కిలోల దాకా ఉంటుంది, దాని నుంచి వచ్చేది 40, 50 ఘనపు మీటర్లు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో ఐఐసీటీ (హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) పరిజ్ఞానంతో నడిచే ప్లాంటు రోజుకు 10 టన్నుల వ్యర్థం నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు ఇస్తుందని చెబుతారు. టన్నుకు 50 యూనిట్లన్న మాట. రోజుకు టన్ను చెత్త వచ్చే మన పట్టణపు రైతుబజార్‌లో కరెంటు తీస్తామని జనరేటర్ కొంటే, ముక్కలు చేసే యంత్రం, పంపులకే అందులో కొంత పోతుంది. అంత చిన్న ప్లాంటుకు గ్యాస్‌ను నేరుగా వంటకు వాడటమే లాభం. ఇంజను గ్యాస్‌లోని వేడిలో పావు వంతు, మహా అయితే మూడో వంతు పని రాబడుతుంది, మంచి బర్నర్ సగానికి పైగా రాబడుతుంది.

ఆ లెక్కన గురుకులాలు, సంక్షేమ హాస్టళ్ల వంటశాలలు అన్నిటికన్నా అనువైన చోట్లు. చెత్త అక్కడే పుడుతుంది, గ్యాస్ అక్కడే ఖర్చవుతుంది. రోజుకు 50 కిలోల అన్నం, కూర వ్యర్థం వస్తే 5 ఘనపు మీటర్ల గ్యాస్, అంటే రెండు కిలోల ఎల్పీజీ. హాస్టల్ మొత్తం వంట దీనితో అయిపోతుందని చెప్పి అమ్మేవాళ్లను నమ్మవద్దు. ఎముకలు, గుడ్డు పెంకులు, నూనె అడుగులు, ఊరగాయ వేరుచేయాలి. నూనె తేలి పొర కడుతుంది, ఉప్పు ఎక్కువైతే సూక్ష్మజీవులు తట్టుకోలేవు. సెలవుల్లో మేత ఉండదు కాబట్టి పిల్లలు తిరిగొచ్చిన మొదటి వారం తక్కువతో మొదలుపెట్టాలి.

మార్కెట్ ప్లాంట్లను ఆపేది సాధారణంగా డైజెస్టర్ (చెత్త మురిగే తొట్టి) కాదు, సుతిలి తాడు. పూలదండల దారం, ఉల్లిగడ్డ సంచుల పోగులు, రబ్బరు బ్యాండ్లు ముక్కలు చేసే యంత్రం ఇరుసుకు చుట్టుకొని మోటారు కాలిపోతుంది. వేరుచేసే మనుషులకు జీతం టెండరులో ఉండదు, మోటారు మరమ్మతుకు అంతకు మూడింతలు పెడతారు. ఒక టన్ను కూరగాయల వ్యర్థానికి డైజెస్టర్ 40 ఘనపు మీటర్లకు తగ్గకూడదు, అంటే ఘనపు మీటరుకు రోజుకు 2 కిలోల మురిగే పదార్థం. అంగడి రోజున చెత్త రెండింతలు వస్తుంది కాబట్టి ఒక రోజు మేత పట్టే ముందు తొట్టి ఉండాలి, అక్కడి నుంచి రోజూ ఒక్క తీరుగా లోపలికి పోవాలి. ఇంజను పెట్టేచోట హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తుప్పుపట్టిన ఇనుప రజను డబ్బాలోంచి పంపి తీసేయాలి. రజను నల్లబడ్డాక బయట ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది, కానీ ఆరేటప్పుడు వేడెక్కుతుంది, చెత్త కుప్ప పక్కన పరచవద్దు. స్లర్రీకి జాగా ముందే చూపాలి. టన్ను లోపలికి పోతే దాదాపు టన్ను బయటికి వస్తుంది, మోరీలోకి వదిలితే వారంలో కాలనీవాళ్లు ప్లాంటుకు తాళం వేయిస్తారు.

మా కోరికలు ఎక్కువేం లేవు. ప్రతి ప్రభుత్వ ప్లాంటుకు గ్యాస్ మీటరు పెట్టి, ఆ రోజు వేసిన మేత కిలోలు, మీటరు రీడింగు బోర్డు మీద రాయాలి. కాంట్రాక్టరుకు బిల్లులో మూడో వంతు ఆపి, రెండేళ్లపాటు మీటరు చూసి వాయిదాల్లో ఇవ్వాలి. కొత్తవి మంజూరు చేసేముందు పాత ప్లాంట్ల సర్వే చేయాలి. గోడలు గట్టిగా ఉన్న దీనబంధు డోముకు పూడిక తీసి, లోపలి గిలాబు, పూత మళ్లీ వేసి, వాల్వు, పైపు, పొయ్యి మార్చితే కొత్తదానికయ్యే ఖర్చు కాదు.

పూడిక తీసేవాళ్లకు ఒక్క హెచ్చరిక అచ్చు వేయండి. ముందు గ్యాస్ వాల్వు పైపు విప్పేయాలి, బయటి తొట్టిలోంచి పంపుతో, బకెట్లతో స్లర్రీ తోడాలి, మూతలన్నీ తీసి కొన్ని రోజులు వదిలేయాలి, బ్లోయరుతో గాలి కొట్టాలి. బాయిలోకి దిగేముందు దీపం దించి చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే ఆ దీపంతోనే పేలుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన కొడుతుందని ధీమా వద్దు, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. నడుముకు తాడు కట్టుకోకుండా, పైన ఇద్దరు లేకుండా, గ్యాస్ కొలిచే పరికరంతో చూడకుండా ఎవరూ దిగకూడదు. దిగినవాడు పడిపోతే వెనకాలే దూకకుండా పైనుంచి తాడుతోనే లాగాలి.

ఇట్లు,
బయోగ్యాస్ ప్లాంట్ల నిర్మాణం, మరమ్మతు పనివాళ్లం,
నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు